శిథిలాల కవిత్వమూ, కూలుతున్న కట్టడాలూ

పాత కట్టడాలను గురించి తెలుగులో కవిత్వానికి కొరత లేదు. అయితే ఆ కవిత్వానికొక అలవాటున్నది. కట్టడం నిలబడి ఉన్నంతకాలం మన కవికి అది కనిపించదు. దాన్ని కూలగొడుతున్నప్పుడూ కనిపించదు. గోడలన్నీ నేలమట్టమై, తుమ్మలు మొలిచి, మేకలు మేస్తూ ఉంటే, అప్పుడు ఆయన అక్కడికి దయచేసి, ఒక రాతిమీద కూర్చుని కళ్ళు తుడుచుకొంటాడు.

బి.ఏ. విద్యార్థులకు విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఆంధ్రప్రశస్తి’లోని ‘వేంగీ క్షేత్రము’ చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకీ సంగతి గుర్తుకు వస్తుంది. ఆ ఖండికను తేలిక చెయ్యడం నా ఉద్దేశం కాదు. కొడాలి సుబ్బారావుగారి ‘హంపీ క్షేత్రము’ను అంతకన్నా కాదు. జాతి పరాయి పాలనలో ఉన్న రోజుల్లో, మనకూ ఒక గతమున్నదని గొంతెత్తి చెప్పడం అవసరమైన రోజుల్లో పుట్టిన కవిత్వమది. దాని చారిత్రక పాత్రను ఒప్పుకోవలసిందే. కాని ఈ కోవ కవిత్వం మొత్తంగా మనకొక అబద్ధం కూడా నేర్పింది. కట్టడాలను కూల్చేది కాలమని నేర్పింది. కాలం ఒక్కటే కూల్చిన కట్టడాలు బహు తక్కువ. కూల్చేది మనుషులు. వారికొక అవసరం ఉంటుంది. ఆ అవసరానికి కూలీలూ, బళ్ళూ, డబ్బు లెక్కలూ ఉంటాయి.

వేంగినే తీసుకొందాం. ఏలూరుకు ఉత్తరాన, పట్టుమని పదిహేను కిలోమీటర్లయినా లేని పెదవేగే ఆ వేంగి. మా గుండుగొలను నుంచి ఏలూరు మీదుగా వెళ్ళి చూసి, పొద్దుగూకేలోగా ఇంటికి రావచ్చు. చిత్రరథస్వామిని కొలిచిన శాలంకాయనులు ఏలిన చోటు. ఆ తరువాత తూర్పు చాళుక్యుల రాజధాని. ఇంత నగరమూ ఏమయింది? పదిహేనో శతాబ్దంలో ఏలూరులో ముస్లిం పాలకులు కోట కట్టినప్పుడు పెదవేగి, దెందులూరు శిథిలాల రాళ్ళు అందుకు వాడారని చెబుతారు. మరి ఆ ఏలూరు కోట ఏది? అదీ లేదు. ఏలూరులో ఇప్పుడున్నది కోటదిబ్బ. ఒక దిబ్బను తవ్వి కోట కట్టారు, ఆ కోట తిరిగి దిబ్బ అయింది. పెదవేగి రాయి ఏలూరు దాకా తనంత తాను నడిచిరాలేదు గదా! ఏ బండిమీద వచ్చింది, ఆ బండి తోలినవాడికి ఏమి ముట్టింది, దాన్ని పగలగొట్టినవాడికి అది గుడిరాయి అని తెలుసునా, తెలిసీ పగలగొట్టాడా? ఈ ప్రశ్నలు శిథిలకవిత్వంలో ఎక్కడా రావు. రాజు పోయాడు, రాజ్యం పోయింది, నక్క కూసింది. అంతటితో సరి.

ఇక్కడ మన భాష కూడా ఒక సాక్ష్యం ఇస్తుంది. కూలిన కట్టడానికి తెలుగువాడికున్న మాట ‘దిబ్బ’, కాకపోతే ‘దిన్నె’. పెంట పోసే చోటూ దిబ్బే, స్తూపం కూలిన చోటూ దిబ్బే. పాడుబడిన ఊరి మట్టికి ‘పాటిమన్ను’ అని పేరు. రైతు దాన్ని తవ్వి పొలానికి ఎరువుగా తోలుకొంటాడు. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. చేను పండితే మంచిదే. అయితే తాతల ఊరు ఎరువుగా మాత్రమే జ్ఞాపకం ఉన్న జాతి మనదని ఒకసారి అనుకొని చూస్తే, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

అమరావతి కథ అందరికీ తెలిసినదే అయినా, ఈ దృష్టితో మరొకమారు చదవదగినది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్టణం కట్టించుకొన్నాడు. పట్టణానికి ఇటుకా రాయీ కావాలి. పక్కనే దీపాలదిన్నె ఉన్నది. తవ్వారు. ఆ తవ్వకాల సంగతి విని కల్నల్ మెకంజీ మొదట 1797 ప్రాంతంలో వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని తిరిగి వచ్చేసరికి, నడుమ నున్న కట్టడం పోయి ఆ చోట చెరువు తవ్వి ఉన్నది. చాలా శిల్పాలు సున్నపుబట్టీలలో కాలిపోయినాయి. మిగిలిన వాటిలో కొన్ని మదరాసుకూ, కొన్ని లండనుకూ చేరాయి. మనం లండను మ్యూజియం మీద కోపగించుకొంటాము, అది న్యాయమే. కాని సున్నపుబట్టీ లండనులో లేదు.

భట్టిప్రోలులో ఇంకా విచిత్రం. అక్కడి స్తూపాన్ని దొరల ప్రభుత్వం వారి ఇంజనీర్లే కాలువ లాకు పనికీ, రోడ్డు పనికీ రాళ్ళూ ఇటుకలూ కావాలని కూలగొట్టించారు. తరువాత 1892లో అలెగ్జాండర్ రే అక్కడ మిగిలినదాన్ని తవ్వితే ధాతువుల భరిణెలు దొరికాయి. వాటిమీది బ్రాహ్మీ అక్షరాలను తెలుగు దేశపు అతి ప్రాచీన లిపిగా ఈనాడు మనం పాఠం చెబుతున్నాము. ఒక జాతి తొలి అక్షరాలు లాకుగోడలో కలిసిపోవడానికి ఎంతో దూరం లేదన్నమాట. ఆ స్తూపాన్ని చుట్టుపక్కల ప్రజలు ఏమని పిలిచేవారో కూడా చూడండి: లంజదిబ్బ. కట్టినవారిని మరచిపోతే కథలు ఎటు పోతాయో ఆ ఒక్క పేరు చాలు.

ఇంతవరకూ చెప్పినది సంప్రదాయ కవులకు తగిలే మాట గనుక మన పాఠకులకు బాగానే ఉంటుంది. ఇక మన సంగతి.

అభ్యుదయ సాహిత్యం ఈ విషయంలో ఒక కొత్త ప్రశ్న వేసింది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో తాజమహలుకు రాళ్ళు మోసిన కూలీలెవరని అడిగాడు. తెలుగులో కట్టడాన్ని గురించి అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. దానితో శిథిలకవిత్వానికి కాలం చెల్లిపోయింది. ఉరుదూలో మఖ్దూం మొహియుద్దీన్ ‘హవేలీ’ అనే పద్యంలో పాడుబడిన ఒక దివాణాన్ని, కుళ్ళిపోయిన సమాజంగా చూపించాడు. ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరూ చెప్పినది సత్యమే.

కాని మనం, అంటే ఆ కవుల వెనుక నడిచిన విమర్శకులం, ఏమి చేశాము? ఆ ప్రశ్నను జవాబుగా మార్చుకొన్నాము. కూలీలెవరని అడగడం మానివేసి, రాజులదేగదా పోతే పోనీ అనుకోవడం మొదలుపెట్టాము. మఖ్దూం కూలిపోవాలన్న హవేలీ సామాజిక వ్యవస్థ. కంట్రాక్టరు కూలగొట్టే హవేలీ ఇటుకా సున్నమూ. ఈ రెంటి తేడా కవికి తెలుసు. మనకు తెలిసినట్టు లేదు. భూస్వామ్యం చెక్కుచెదరకుండా ఉండి భూస్వామి మేడ మాత్రం కూలి, దాని చోట అతని మనుమడి వాణిజ్య సముదాయం లేస్తే, అందులో మనం సంతోషించవలసింది ఏమున్నది? తాజమహలును పడగొట్టమని శ్రీశ్రీ అనలేదు. అది నిలిచి ఉన్నది గనుకనే, రాళ్ళెత్తినవాడెవడని దాన్ని చూపించి అడగగలిగాడు. పెదవేగి దిబ్బ ముందు నిలబడి ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. చూపించడానికి రాయి ఉండాలి గదా.

హైదరాబాదులో జరిగిన రెండు సంఘటనలు ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఎర్రమంజిల్ అని మనమనే కట్టడం పందొమ్మిదో శతాబ్దపు నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకొన్న మహలు. ‘ఇరం’ అంటే పారశీక కవిత్వంలో స్వర్గతుల్యమైన ఉద్యానం. తెలుగువాడికి ఇరం తెలియదు, ఎరుపు తెలుసు, ఎర్రమంజిల్ అన్నాడు. కాదు, ముందే అది ఎర్రగుట్ట, నవాబే తెలుగు మాటకు దగ్గరగా ఉండేట్టు పేరు పెట్టుకొన్నాడని చెప్పేవారూ ఉన్నారు. ఏదయినా, రెండు భాషలు ఒక గుట్టమీద కలుసుకొని ఒకదాన్నొకటి సరదాగా అపార్థం చేసుకొన్న గుర్తు ఆ పేరు. భాషాశాస్త్రం చెప్పేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2019 జూన్‌లో దాని చోట కొత్త శాసనసభా భవనానికి శంకుస్థాపన జరిగింది. పౌరులు కోర్టుకెక్కారు. ఆ ఏడే సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

సైఫాబాదు ప్యాలెస్‌కు అంత అదృష్టం పట్టలేదు. ఆరో నిజాం 1888లో కట్టించినది. రాజుగారు చూడవస్తుంటే ఉడుము అడ్డం వచ్చిందనీ, అపశకునమని ఆయన అందులో కాపురం ఉండలేదనీ కథ. తరువాత అది సచివాలయంలో ‘జి’ బ్లాకు అయింది. 2020 జులైలో సచివాలయం కట్టడాలన్నిటితోపాటు దాన్నీ నేలమట్టం చేశారు. 2023 ఏప్రిల్ 30న అక్కడ కొత్త సచివాలయం తెరిచారు. ఉడుము కథను నేను వెక్కిరించను. రాజు వెళ్ళిపోయాక గుమాస్తాలు వచ్చారు, దఫేదార్లు వచ్చారు, అర్జీలు పట్టుకొని పల్లెటూళ్ళ నుంచి జనం వచ్చారు. ఆ మహలులో రాజు ఉన్న చరిత్ర దాదాపు లేదు, ఉన్న చరిత్ర అంతా ఉద్యోగులదీ అర్జీదారులదీ. దాన్ని కూల్చినప్పుడు ‘నిజాం ఆనవాలు పోయింది’ అని కొందరు సంతోషించారు, కొందరు విచారించారు. ఇరువురూ ఒకే పొరపాటు చేశారని నా అభిప్రాయం. పోయినది నిజాం ఆనవాలు కాదు.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష గడీలది. తెలంగాణలో గడీని నిలబెట్టాలని ఒక అభ్యుదయవాది అంటే, సహచరులు అతని మొహం వింతగా చూస్తారు. చూడడం సహజమే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవారికి గడీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ నవలలో దొర ఒక పాత్ర అయితే, గడీ అంతకన్నా పెద్ద పాత్ర. ఆడబాపల బతుకులు ఆ గోడల మధ్యనే తెల్లవారుతాయి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లోని పల్లెజనం భయం వెనుక ఉన్నదీ దొరతనమే. మరి ఆ గడీలు ఏమయినాయి? కొన్నిటిని ఉద్యమకాలంలో జనమే ధ్వంసం చేశారు. దానికి ఏ విమర్శకుడూ సంజాయిషీ అడగనక్కరలేదు. కొన్ని బడులయినాయి, కొన్ని ఠాణాలయినాయి. చాలా వాటిని మాత్రం వారసులే తలుపులూ వాసాలూ అమ్ముకొని, వానకు వదిలేశారు.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు గడీ దగ్గర ఊరేగింపు మీద తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ కాల్పులకు సాక్షులు ఇప్పుడు లేరు. మిగిలే సాక్ష్యం కాగితమూ, గోడా. కాగితం ఎవరు రాశారన్నదాన్నిబట్టి మారుతుంది. గోడ ఎత్తు మారదు. గేటుకూ వీథికీ ఎంత దూరం, ఊరిని ఏ బురుజు మీదనుంచి చూసేవారు, వెట్టివాళ్ళు ఏ దోవన లోపలికి వచ్చేవారు — ఇవి నవల చెప్పగలిగిందానికన్నా గడీ బాగా చెబుతుంది. గడీ కూలిన ఊళ్ళో ఇరవయ్యేళ్ళ కుర్రవాడు ‘చిల్లర దేవుళ్లు’ను జానపద కథలా చదువుతాడు. మా క్లాసులో నేను చూశాను. వెట్టి అంటే ఏదో పాతకాలపు పండుగ పని అనుకొన్న విద్యార్థి నాకు తటస్థపడ్డాడు. తప్పు వాడిది కాదు. పీడన జరిగిన చోటు మాయమయితే పీడన కూడా కథ అయిపోతుంది, దానివల్ల లాభపడేది ఎవరో వేరే చెప్పాలా?

అలాగని ‘వారసత్వ పరిరక్షణ’ అన్న ప్రతివాడి వెంటా నడవమని కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలు అయింది. బాగానే కాపాడారు, కాదనలేము. కాని దానికి రాళ్ళెత్తినవాడి మునిమనుమడు ఆ గుట్ట ఎక్కి ఒక కప్పు టీ తాగగలడా? కట్టడం నిలిచీ జ్ఞాపకం ఒక్క యజమానిదే అయిపోవడం, కూల్చడానికి తమ్ముడే.

ఉస్మానియా ఆస్పత్రి విషయంలో చిక్కు మరొక రకం. 1908 మూసీ వరద తరువాత కట్టిన నగరంలో అదొక మణి. విన్సెంట్ ఎష్ రూపకల్పన. ఆ ఆవరణలోని చింతచెట్టు వరదలో సుమారు నూట యాభై మందిని కొమ్మల మీద నిలిపి కాపాడింది. 2015లో ఆ పాత భవనాన్ని కూల్చాలని ప్రతిపాదన వచ్చింది. 2020 జులైలో వార్డుల్లోకి వాననీరు వచ్చి రోగులను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఇక్కడ ‘కట్టడం కట్టడం’ అని కేకలు వేసేవాడు ముందు ఒక రాత్రి ఆ నీళ్ళలో మంచం మీద పడుకొని రావాలి. రోగి ముందు, రాయి తరువాత. అయితే ఈ రెంటినీ పోటీకి పెట్టడమే ఒక రకమైన దగా. 2025 జనవరిలో కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. అంటే మరోచోటు ఉన్నదన్నమాట. పదేళ్ళ కింద మాత్రం, కూల్చడం తప్ప గత్యంతరం లేదన్నట్టు చెప్పారు.

మన సర్కారు జిల్లాల్లో ఈ కూల్చివేతలు రాజధానిలోలాగా పత్రికలకెక్కవు. విజయనగరంలో 2020 మే నెలలో మూడు లాంతర్ల స్తంభాన్ని పడగొట్టినప్పుడు నాలుగు రోజులు గోల జరిగింది, అంతే. గురజాడవారి ఇల్లు స్మారకంగా నిలిచింది, సంతోషం. కాని ‘కన్యాశుల్కం’ ఆ ఇంట్లో జరగదు. అది బొంకులదిబ్బ దగ్గర మొదలై, ఆ పట్నపు వీథుల్లో తిరిగే నాటకం. ఆ పట్నంలో ఒక పాత ఆనవాలు పోయినప్పుడల్లా ‘కన్యాశుల్కా’నికి ఒక అధస్సూచిక పెరుగుతుంది. ఈ లెక్కన ఇంకొన్నాళ్ళకు నాటకం కన్న సూచికలే లావవుతాయి. అప్పుడు పరీక్షకు చదివేవాడు సూచికలే చదువుతాడు.

ఇక మా గుండుగొలను, భీమడోలు, పూళ్ళ ప్రాంతాల మండువా లోగిళ్ళ సంగతి. నాలుగు వైపుల నుంచీ వాన నట్టింటి మండువాలోకి దిగే ఆ ఇళ్ళను గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా ముద్దు మాటలే. అమ్మమ్మ, ఆవకాయ, వెన్నెల. ఆ ఇంటి అరుగును ఎవరూ చదవరు. ఎవరు అరుగెక్కి కూర్చోవచ్చు, ఎవరు అరుగు కింద నిలబడాలి, ఎవరు వీథిలోనే ఆగి పిలవాలి, కూలి గింజలు ఏ గుమ్మం దగ్గర కొలవాలి — కులవ్యవస్థ అంతా ఆ ఇంటి మెట్లలో కొలతలతో సహా ఉన్నది. ఆ స్తంభాలలో చాలా వాటికి రంగూను టేకు వాడారని పెద్దలు చెబుతారు. ఆ రోజుల్లోనే కోరంగి, కాకినాడ రేవుల నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి, రంగూను రేవులో బరువులు మోయడానికి వెళ్ళారు. బర్మాలో మనవాళ్ళకు ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. ఇప్పుడు ఆ స్తంభాలను పాతకలప వ్యాపారులు కొనుక్కుపోతున్నారు. అవి ఎక్కడో విడిది హోటళ్ళలో అలంకారంగా నిలబడుతున్నాయి, అరుగు లేకుండా, మెట్లు లేకుండా, కోరంగి కూలీ లేకుండా.

అందుకని కిందటేడు నేను ‘వేంగీ క్షేత్రము’ మీద ఇచ్చే ప్రశ్న మార్చాను. ఖండికలోని కరుణరసాన్ని వివరింపుడు అని కాక, మీ ఊళ్ళో ఇప్పుడు నిలబడి ఉన్న ఒక పాత కట్టడాన్ని వర్ణించి, దాన్ని కట్టిన పనివారి గురించి తెలిసినది రాయండి అని అడిగాను. ఎక్కువమంది దేవాలయం రాసి, పనివారి చోట మహారాజు పేరు పెట్టారు. మన చదువు అలాంటిది. ఒక పెదవేగి కుర్రవాడు మాత్రం, ‘మాష్టారూ, మా చేలో దున్నితే ఇటుకలు లేస్తాయండి, ఆ దిబ్బ నిలబడి ఉన్నట్టా లేనట్టా?’ అని క్లాసులోనే లేచి అడిగాడు. రాయమన్నాను. బాగా రాశాడు.

ఇంకొక అమ్మాయి రాసినది పేజీ నిండలేదు. వాళ్ళ తాతమ్మ ఊళ్ళో పెద్దమేడ కడుతున్నప్పుడు గానుగ దగ్గర సున్నం మోసేదట. బెల్లమూ కరక్కాయా నానేసిన నీళ్ళు కలిపి గానుగాడిన ఆ సున్నం, తట్టకింద నుంచి కారి మెడమీద పుళ్ళు పడేవట. ముసలితనంలో ఆవిడ ఆ మేడమీదుగా వెళ్ళినప్పుడల్లా మనుమలకు ఒక గోడ చూపించి, ఇది నా గోడ అనేదట. కట్టించినవారి పేరు ఆ అమ్మాయికి తెలియదు. మేడను రెండేళ్ళ కింద పడగొట్టారు. ‘ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడం రాయమన్నారు, అది లేదు, కాబట్టి మార్కులు తగ్గించవచ్చు’ అని చివర రాసింది.